మందస కొండల కింద మా జీడితోట ఇల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోనులో రోజూ వచ్చే ప్రశ్నలే ఇవి. పొద్దున్న చెప్పిందే సాయంత్రం మళ్ళీ చెప్పి మా ఆవిడకు గొంతు పోతోందని ఇక్కడ రాసి పెడుతున్నాను. చదివాక కొంతమంది రావడం మానుకున్నారు. మంచిదే. ఇంత దూరం వచ్చి అరుగు మీద మొహం మాడ్చుకుని కూర్చోవడం కంటే అది నయం.

ఇల్లు ఎక్కడ ఉంది?

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో, కొండలు మొదలయ్యే చోట. మందస ఊరి నుంచి ఆరు కిలోమీటర్లు. తూర్పుకి ఉద్దానం తోటల తీరప్రాంతం, అది దాటితే సముద్రం. పడమర కొండలు, వాటి వెనక ఒడిశా. అరుగు మీద కూర్చుంటే ఎదురుగా కనిపించే పెద్ద కొండ మహేంద్రగిరి. ఎత్తు 1,501 మీటర్లు. శిఖరం గజపతి జిల్లాలో ఉంది, అంటే చూడటం ఆంధ్రా నుంచి, ఎక్కడం ఒడిశా నుంచి. పరశురాముడు అక్కడే తపస్సు చేశాడని చెబుతారు. పైన భీముడి పేరునా కుంతి పేరునా పాత రాతి గుళ్ళు ఉన్నాయి, శివరాత్రికి జనం బాగా వెళ్తారు.

ద్రాక్షతోటల మధ్య ఇల్లు అని చదివాం. నిజమేనా?

కాదండీ. ఒక బుకింగ్ సైటు వాళ్ళు మా ఇంటి పేజీలో ఎక్కడి ఫోటోనో పెట్టారు. పచ్చటి గుట్టలు, వరసలుగా ద్రాక్ష పందిళ్ళు. తీసేయమని నాలుగుసార్లు అడిగితే తీశారు గానీ, ఈలోపు ఆ ఫోటో చూసుకుని రాజమండ్రి నుంచి ఒక కుటుంబం దిగింది. వాళ్ళమ్మాయి "అంకుల్, గ్రేప్స్ ఎక్కడ?" అని తోటంతా వెతికింది. పాపం, పనసకాయ చూపించి సముదాయించాను.

ద్రాక్షకి కాయ పండే రోజుల్లో గాలి పొడిగా ఉండాలి. మాకు సముద్రం దగ్గర. చెమ్మకి ఆకుల మీద బూజు పడుతుంది. పైగా ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను భయం. పందిరి వేసుకుని బతికే పంట కాదు ఇక్కడిది. ఉన్నది ఏడెకరాల జీడితోట. మధ్యలో పనస, కొబ్బరి, గట్టు మీద తాటిచెట్లు. ఇది పని జరిగే తోట, రిసార్టు కాదు. పొద్దున్న ఆరింటికి కూలివాళ్ళు వస్తారు, మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. ఆ చప్పుడు ఉంటుంది.

ఏ నెలలో రావడం మంచిది?

ఏం కావాలో దాన్ని బట్టి.

చలికాలం అందరికీ నచ్చుతుంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున కొండ కనిపించదు, మంచు. ఎనిమిది దాటాక ముందు శిఖరం తేలుతుంది, ఆ తరవాత భుజాలు, చివరికి మా చెరువుగట్టు. రగ్గులు మేమిస్తాం, స్వెట్టరు మీరు తెచ్చుకోండి. తోటలో అప్పుడే పూత మొదలవుతుంది. జీడిపూత వాసన చాలామందికి తెలియదు. తీపిగానే ఉంటుంది గానీ ఎక్కువసేపు పీలిస్తే తల బరువెక్కుతుంది. గేగులు కాల్చుకు తినేదీ ఈ రోజుల్లోనే. గోదావరి వైపు తేగలంటారు, అవే.

మార్చి నుంచి మే దాకా పంట. ఎండ మాత్రం మామూలుగా ఉండదు. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు వరకూ సావిట్లో పడుకోవడమే పని. కానీ తోట అసలు అందం అప్పుడే. చెట్టుకి ఎర్రవీ పసుపువీ పళ్ళు, ప్రతి పండు కిందా బయటికి వేలాడుతూ ఒక పిక్క. పచ్చి జీడిపప్పు కూర తినాలంటే కూడా ఆ రోజుల్లోనే రావాలి.

జూన్ తరవాత వానలు. కొండగెడ్డలు, అంటే వాగులు, పారతాయి, రోడ్డు బురద అవుతుంది, జలగలు ఉంటాయి. నాకు ఇష్టమైన కాలం ఇదే, కానీ ఎవరికీ సిఫారసు చెయ్యను.

అక్టోబరులో వచ్చేవాళ్ళు తుఫాను గురించి కింద రాసింది చదివి అప్పుడు బుక్ చేసుకోండి.

ఎలా రావాలి?

రైలైతే పలాసలో దిగండి. హౌరా–చెన్నై మెయిన్ లైను కాబట్టి ఇబ్బంది లేదు. హైదరాబాదు నుంచి ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి. పలాస నుంచి ఆటో మాట్లాడి పంపుతాం. కారులో విశాఖ నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద నేరుగా పలాస దాకా రావచ్చు, దాదాపు రెండొందల కిలోమీటర్లు. టిఫినుకి ఆగినా నాలుగు గంటలు చాలు. విమానంలో వచ్చేవాళ్ళు విశాఖలో దిగి అక్కణ్ణుంచి కారో రైలో చూసుకోవాలి.

చివరి రెండు కిలోమీటర్లు మ్యాప్‌ని నమ్మకండి. అది మిమ్మల్ని గెడ్డలోకి దింపుతుంది. రావిచెట్టు దగ్గర ఆగి ఫోన్ చేస్తే మనిషిని పంపుతాం. చీకటి పడకముందే చేరేలా చూసుకోండి. ఎందుకో ఎలుగుబంటి ప్రశ్న దగ్గర రాశాను.

ఇల్లు ఎలా ఉంటుంది? అద్దె ఎంత?

మా తాతగారు కట్టిన పెంకుటిల్లు. రెండు గదులు, ఒక సావిడి, ముందు పొడుగాటి అరుగు. బాత్రూములు రెండూ కొత్తగా కట్టాం, గీజర్ ఉంది. ఆరుగురికి సరిపోతుంది, పిల్లలుంటే ఎనిమిది మంది సర్దుకోవచ్చు. ఇల్లు మొత్తానికి రాత్రికి 4,500 రూపాయలు. గది ఒక్కటే ఇవ్వం. సావిట్లో ఒక పక్క ముసలి మనుషులు, ఇంకో పక్క కొత్తగా పెళ్ళయినవాళ్ళు. ఒకసారి ఇచ్చి చూశాం, ఇద్దరికీ నిద్ర లేదు.

ఏసీ, కరెంటు, నెట్?

ఏసీ లేదు. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు నాలుగు గంటలు నడుస్తాయి. వైఫై లేదు. సిగ్నల్ పనసచెట్టు కింద రాతిబల్ల మీద కూర్చుంటే వస్తుంది, లేస్తే పోతుంది. ఆఫీసు మీటింగులున్నవాళ్ళు టెన్షన్ పడటం కంటే సెలవు పెట్టి రావడం మేలు.

భోజనం మీరే పెడతారా?

పెడతాం. ముందురోజు చెప్పాలి. మనిషికి రోజుకి 600, మూడు పూటలకీ కలిపి. వంట మా ఆవిడా, తోటలో పనిచేసే అప్పా కలిసి చేస్తారు.

మెనూ కార్డు అంటూ లేదు. పొద్దున్న అడిగితే చోడంబలి కూడా ఇస్తాం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో. చోళ్ళంటే రాగులే. హైదరాబాదులో రాగిజావ అని కప్పులో ఇచ్చేది వేరు, రాత్రి పులియబెట్టి పొద్దున్న చల్లగా తాగేది వేరు. మధ్యాహ్నం పప్పు, నువ్వుగుండ వేసిన బీరకాయో ఆనపకాయో, బెల్లం ఆవకాయ. పనసకాయ దొరికే రోజుల్లో ఆవపెట్టి పనసపొట్టు కూర. అప్ప ఆ కాయని కత్తిపీట మీద కొట్టడం పిల్లలకి సినిమా చూసినట్టే. చేతులకి నూనె రాసుకుంటుంది, కత్తికీ రాస్తుంది, లేకపోతే జిగురు వదలదు. టకటకా పావుగంట. ఆగి చూస్తే రంపపు పొట్టులా కుప్ప.

నాటుకోడి ముందే చెబితే దొరుకుతుంది. చేప బారువ సముద్రతీరం నుంచి వస్తుంది, పడవల మీద ఆధారం. రాలేదంటే రాలేదు, ఐసు చేప కొని పెట్టం. సొంతంగా వండుకుంటామంటే వెనక వసారాలో గ్యాస్ పొయ్యి ఉంది.

నీళ్ళు తాగవచ్చా? ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి విన్నాం.

అడగాల్సిన ప్రశ్నే, దాచాల్సిందేమీ లేదు. మందస కూడా ఉద్దానం మండలాల్లో ఒకటి. మా బంధువుల ఇళ్ళల్లోనే డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. నీళ్ళు, ఎండలో పని, ఇంకా వేరేవి ఎన్నో అనుమానించి ఏళ్ళ తరబడి పరీక్షలు చేస్తున్నారు గానీ ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. అంటుకునే జబ్బు కాదు. ఏళ్ళకేళ్ళు పొలాల్లో కష్టపడ్డవాళ్ళలోనే ఎక్కువగా కనిపిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి పైపులైను వేసి ఊళ్ళకి వంశధార నీళ్ళు తెచ్చే పథకమూ వచ్చింది.

మీకు తాగడానికీ వంటకీ శుద్ధి చేసిన ఇరవై లీటర్ల క్యాన్లే వాడతాం. మేమూ అవే తాగుతాం. నూతినీళ్ళు స్నానానికి.

ఎలుగుబంట్లు వస్తాయా?

వస్తాయి. ఈ పేజీలో మిగతావి చదవకపోయినా ఇది చదవండి.

కొండల మీద తిండీ నీళ్ళూ తగ్గాక ఎలుగులు తోటల్లోకి దిగడం ఎక్కువైంది. జీడిపండు, పనసపండు, తేనె, చెదపుట్ట, ఈ నాలుగూ వాటికి ప్రాణం. నాలుగూ మా తోటలో ఉన్నాయి. కిందటి వేసవిలో ఒక పొద్దున్న నూతి పక్క చెట్టు కింద పెద్ద పనసపండు చీల్చి ఉంది. పొట్టూ పిక్కలూ చెల్లాచెదురు, తొన ఒక్కటి మిగల్లేదు. మాను మీద మనిషి ఎత్తున గోళ్ళ గీతలు, ఇంకా పాలు కారుతున్నాయి. కాపలా తాత చూసి "ఏటి బాబూ, మన కంటే ముందే పండు సంగతి తెలిసిపోనాది దానికి" అని నవ్వాడు. నవ్వాడు గానీ ఆ రోజు నుంచి ముగ్గిన పండు చెట్టు మీద ఉంచనివ్వలేదు.

దీన్ని సరదాగా తీసుకోకండి. ఉద్దానంలో ఎలుగు దాడిలో మనుషులు చనిపోయారు. పులి మనిషిని చూసి తప్పుకుంటుందేమో గానీ, ఎలుగు చూపు అంతంత మాత్రం. దగ్గరికి వచ్చేదాకా మనల్ని గమనించదు, గమనించాక బెదిరి మీద పడుతుంది. అందుకే మా పద్ధతులు కొంచెం గట్టివి. సాయంత్రం ఆరు తరవాత, పొద్దున్న ఆరుకి ముందు తోటలోకి వెళ్ళకూడదు. తాత తోడు ఉంటేనే కొండ వైపు నడక. నడుస్తున్నప్పుడు మాట్లాడుకుంటూ వెళ్ళండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. తిన్న తొక్కలు అరుగు పక్కన పడెయ్యకండి. ఎదురుపడితే పరిగెత్తకండి, ఫోటో తియ్యకండి, చూస్తూనే వెనక్కి నడవండి. తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. అన్నింటి కంటే ప్రమాదం అదే.

ఇంటి చుట్టూ కంచె ఉంది, రాత్రంతా లైట్లుంటాయి. లోపల ఉన్నంతసేపూ భయం లేదు.

పాములు?

పల్లెటూరు కదండీ. గడ్డి కోసి ఉంచుతాం. రాత్రి టార్చి లేకుండా దిగకండి, చెప్పులు దులిపి వేసుకోండి. కరిస్తే కట్లు బిగించడం, కోసి రక్తం పీల్చడం, మంత్రం, ఏదీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి పలాస ఆసుపత్రికి వెళ్ళడమే. అవసరమైతే మా కారు ఉంది. మా అతిథులెవరికీ ఇప్పటిదాకా ఆ అవసరం రాలేదు.

పిల్లలు జీడిపిక్కలు ఏరవచ్చా? కాల్చుకు తినవచ్చా?

ఏరవచ్చు, సంతోషం. పండు ఉప్పుతో తినవచ్చు. కాస్త గొంతు పట్టేస్తుంది. రసం బట్టల మీద పడితే మాత్రం ఆ మరక బట్ట చిరిగేదాకా ఉంటుంది, పాతవి వేసి తీసుకురండి.

పిక్కని పళ్ళతో కొరకడం, రాయితో కొట్టడం అస్సలు వద్దు. పెంకులో నూనె ఉంటుంది, చర్మాన్ని కాల్చేస్తుంది. విజయవాడ నుంచి వచ్చిన ఒక బాబు మేం చూడకుండా ఒకటి కొరికాడు. గంటలో పెదవి ఉబ్బింది, మర్నాటికి బొబ్బ, నాలుగు రోజులు అన్నం పాలతో మెత్తగా పిసికి తినాల్సి వచ్చింది. తోటలో పనిచేసేవాళ్ళ వేళ్ళు చూడండి, అర్థమవుతుంది.

కాల్చడం మేం చూపిస్తాం. చిల్లుల రేకు మీద పిక్కలు పోసి మంట పెడితే నూనె భగ్గున అంటుకుంటుంది, నల్లటి పొగ. గాలికి ఎదురుగా నిలబడితే కళ్ళు మండుతాయి. దించి బూడిద చల్లి, చల్లారాక కొడితే లోపల పప్పు. ఆ పప్పుకి షాపులో దొరికేదానికీ సంబంధం లేదు. పొగవాసనతో వేడివేడిగా, సగం నల్లగా. నాకు తెలిసి ఒక్కటితో ఆపినవాళ్ళు లేరు.

ఫ్యాక్టరీ చూడాలంటే పలాస–కాశీబుగ్గలో తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తాం. అక్కడ పిక్కని ఆవిరికి ఉడికించి, ఒక్కొక్కటిగా మిషను మీద కోసి, బోర్మాలో, అంటే వేడిగాలి పొయ్యిలో, ఆరబెట్టి, పొట్టు తీస్తారు. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. 80 కిలోల బస్తా పిక్కలు కొడితే పప్పు ఇరవై, ఇరవై రెండు కిలోలు వస్తే మంచి పంట. అంత ధర ఎందుకని బేరమాడేవాళ్ళకి ముందు ఇది చూపించాలనిపిస్తుంది నాకు.

తుఫాను వస్తే డబ్బు వాపసు ఇస్తారా?

పూర్తిగా ఇస్తాం. హెచ్చరిక వచ్చిందంటే మేమే ఫోన్ చేసి రావొద్దంటాం. "వర్షంలో ఎంజాయ్ చేద్దామనుకున్నాం" అనే వాళ్ళుంటారు. వాళ్ళ కోసమే ఈ కాస్త.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మేం ఐదుగురం ఈ సావిట్లోనే ఉన్నాం. పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే మా అమ్మ మంచం కింద దూరి నారాయణ నారాయణ అంటోంది. అన్నింటి కంటే భయపెట్టింది గాలి కాదు, చెట్లు విరిగే చప్పుడు. ముందు ఒకటి, కాసేపటికి రెండు, ఆ తరవాత లెక్క లేదు. తెల్లారాక తలుపు తోస్తే సగమే తెరుచుకుంది, అడ్డంగా పనసమాను పడుంది. సందులోంచి చూస్తే ఎదురుగా కొండ. మొదలు నుంచి శిఖరం దాకా, మొత్తం. మా ఇంటి అరుగు మీద నుంచి కొండ కనిపించడం నా జన్మలో అదే మొదటిసారి. అప్పటిదాకా చెట్లు అడ్డం ఉండేవి.

మీరందరూ ఫోటోలు తీసుకునే వ్యూ అలా వచ్చింది. తోటలో మూడొంతులు పోయింది. కరెంటు రావడానికి మూడు వారాలు పట్టింది. ఉద్దానమంతా కొబ్బరి, జీడి ఇలాగే నేలకొరిగింది. మా తాతగారు నాటిన చెట్లు, ఎకరానికి ఇంత అని పరిహారం రాసుకుపోయారు. అంటుమొక్కలు వేసి మూడేళ్ళు కాపు కోసం చూస్తూ, ఈలోపు గడవాలి కాబట్టి ఇల్లు అద్దెకివ్వడం మొదలుపెట్టాం. మీరు అన్నం తినే పసుపుపచ్చ బల్ల ఆ పనసమానుదే. వేడి గిన్నెలు నేరుగా పెట్టకండి.

చుట్టుపక్కల ఏం చూడవచ్చు?

మందసలో పాత వాసుదేవ పెరుమాళ్ళ గుడి, రాజుగారి కోట. గుడి చూసి వచ్చేటప్పుడు మందస కోవా కొనుక్కోండి, ఆ రోజే తినెయ్యండి.

బారువ సముద్రం అరగంట పైన పడుతుంది. మహేంద్రతనయ నది మా కొండల్లోనే పుట్టి అక్కడ సముద్రంలో కలుస్తుంది. చలికాలం చివర్లో రాత్రిళ్ళు సముద్రపు తాబేళ్ళు గట్టెక్కి ఇసకలో గుడ్లు పెడతాయి. ఇసక మీద టార్చి వెలిగించి వాటిని బెదరగొట్టకండి. ఈత వచ్చినా నీళ్ళలోకి దిగకండి, లోతు చెప్పకుండా మారుతుంది.

పక్షులు ఇష్టమైతే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళాల్సిందే. గూడబాతులు, రంగురంగుల పెద్ద కొంగలు సెప్టెంబరు, అక్టోబరులో వచ్చి గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి ఎండలు ముదిరే వేళకి వెళ్ళిపోతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఊరివాళ్ళు. ఇళ్ళ పక్క చింతచెట్ల మీదే ఉంటాయి, బైనాక్యులర్ అక్కర్లేదు. వాసన మాత్రం భరించాలి.

అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం మూడూ ఒక్కరోజులో చుట్టేస్తామంటారు చాలామంది. నా మాట వింటే మొదటి రెండూ వచ్చే దారిలోనే శ్రీకాకుళంలో ఆగి చూసుకోండి. ముఖలింగానికి విడిగా ఒక పూట పెట్టుకోండి. వంశధార ఒడ్డున ఆ గుడిగోడల మీది శిల్పం చూస్తూ నిలబడితే గంట తెలియదు. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకేది మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్దిరోజులే, అదీ మబ్బు లేకపోతే.

కొండ మీద సవర గిరిజనుల ఊళ్ళున్నాయి. చూడ్డానికి తీసుకెళ్ళమని అడక్కండి, అవి మనుషులుండే ఊళ్ళు. వాళ్ళు సంతకి దిగినప్పుడు కొండచీపుళ్ళు, చింతపండు, పసుపు కొనండి. బేరం ఆడకండి.

పార్టీ చేసుకోవచ్చా? డీజే?

డీజే వద్దు. స్పీకర్ అరుగు దాటి వినిపించకూడదు. ఒక పుట్టినరోజు బృందం రాత్రి రెండింటి దాకా మోగించి, పొద్దున్న సీసాలు నూతి పక్కన పగలగొట్టి వెళ్ళారు. అప్ప కాలికి నాలుగు కుట్లు పడ్డాయి. అప్పటినుంచి 3,000 డిపాజిట్ తీసుకుంటున్నాం. వెళ్ళేటప్పుడు అంతా సరిగ్గా ఉంటే అక్కడికక్కడే తిరిగిస్తాం.

పెళ్ళికాని జంటలకి ఇస్తారా?

ఇద్దరూ మేజర్లయి, ఇద్దరి గుర్తింపు కార్డులూ ఉంటే ఇస్తాం. మిగతాది మా పని కాదు. విదేశీయులు ముందే చెప్పాలి, వచ్చిన 24 గంటల్లో వాళ్ళ వివరాలు ప్రభుత్వానికి పంపాలి మేము.

కుక్కని తీసుకురావచ్చా?

వద్దు. కుక్క అరుపుకి ఎలుగు రెచ్చిపోతుంది.

జీడిపప్పు కొనుక్కెళ్ళవచ్చా?

మా తోటదీ, పలాసదీ రెండూ ఉంటాయి. డబ్ల్యూ 180, డబ్ల్యూ 320 అంటారే, ఆ నంబరు ఒక పౌండుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. నంబరు తగ్గేకొద్దీ పప్పు లావు, ధర ఎక్కువ. పాయసానికీ ఉప్మాకీ లావుపప్పు కొనడం దండగ, బద్దలు తీసుకోండి. రుచి ఒకటే.

మీరిచ్చే టార్చిలైటు తిరిగి ఇవ్వాలా?

ఇవ్వాలండీ. ఇప్పటికి నాలుగు హైదరాబాదు వెళ్ళిపోయాయి.